పిల్లల చేతికి ‘వ్యవస్థ’ అందాలంటే

సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాల పాఠాన్ని తెలుగు మాధ్యమం పిల్లలు ‘సౌర కుటుంబం’ అనే పేరుతో చదువుకుంటారు. తిన్న అన్నం అరిగే తీరు దగ్గరికి వచ్చేసరికి అదే భావనకు ‘జీర్ణ వ్యవస్థ’ అని పేరు. కొలతల పాఠంలో అది ‘మెట్రిక్ పద్ధతి’ అవుతుంది. ఇంగ్లీషులో ఈ మూడింటికీ ‘సిస్టమ్’ అనే మాట ఒక్కటే ఉన్నా, హైదరాబాద్‌లో ఆ మాట వినగానే చాలామంది పిల్లలకు మొదట తట్టేది బల్ల మీది కంప్యూటర్. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగులోనూ దాని ఎదురు పేజీ ఇంగ్లీషులోనూ అచ్చవుతున్నాయి. ఎడమ పేజీలో మూడు పేర్లతో ఉన్నది కుడి పేజీలో ఒకే పేరుతో ఎందుకు ఉందని అడగడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. ఆ ప్రశ్న తరగతిలో వినిపించదు కాబట్టి, ఈ పాఠాలన్నింటి అడుగున ఒకే ఆలోచన పారుతోందన్న సంగతి పిల్లల దాకా చేరదు.

ఆ మూడు తెలుగు మాటల్లో చిన్న పిల్లలకు దారి చూపేది ‘కుటుంబం’. ఇంట్లో అమ్మమ్మకు జ్వరం వస్తే అమ్మ ఆఫీసుకు ఆలస్యంగా వెళ్తుంది, టిఫిన్ డబ్బాలో కూర మారుతుంది, తమ్ముణ్ని బడి బస్సు ఎక్కించే పని అక్క మీద పడుతుంది. జ్వరం ఒకరిదే అయినా కదలిక అందరిదీ. ఆరేడేళ్ల పిల్లలు ఈ విషయాన్ని ఎవరూ చెప్పకుండానే ఎరుగుదురు, అడిగితే నాలుగైదు ఉదాహరణలు వాళ్లే చెబుతారు. వ్యవస్థ అనే భావనకు పునాది అప్పటికే వేసి ఉంది. బడి చేయవలసింది దాని మీద కట్టడం. జరుగుతున్నది మాత్రం వేరు. పునాదిని పక్కన పెట్టి, అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నప్రేగు, పెద్దప్రేగు అని పేర్ల వరుస కంఠస్థం చేయించడంతో పాఠం మొదలై అక్కడే ముగుస్తోంది.

పేర్లు తెలియడానికీ వ్యవస్థ తెలియడానికీ ఉన్న దూరాన్ని 2004లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన స్పష్టంగా చూపింది. చేపల తొట్టి గురించి చెప్పమని పిల్లలనూ, ఆ రంగంలో అనుభవం ఉన్నవారినీ అడిగినప్పుడు, కొత్తవారి జవాబుల్లో చేపలు, నీళ్లు, రాళ్లు, మొక్కలు, ఫిల్టరు వంటి కంటికి కనిపించే భాగాలే ఎక్కువగా వచ్చాయి. ఆ భాగాలు ఏం చేస్తున్నాయి, ఎందుకోసం చేస్తున్నాయి అన్న సంగతులను కలిపి చెప్పినవారు అనుభవజ్ఞులు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. కంటికి వస్తువు కనిపించినట్టు సంబంధం కనిపించదు. చేపను చూపించవచ్చు, చేప విసర్జించినదాన్ని సూక్ష్మజీవులు మార్చడం, మారినది మొక్కకు అందడం అనే వరుసను వేలితో చూపించడం కుదరదు. కనిపించని సంబంధాన్ని కనిపించేలా చేయడానికి బడిలో ఉన్న నమ్మకమైన దారి, పిల్లలే ఒక భాగాన్ని కదిపి మరోచోట ఏం మారిందో చూడడం. చేత్తో చేసే పనికి ఈ పాఠంలో అంత విలువ రావడానికి కారణం ఇదే. సరదా, ఉత్సాహం దాని వెంట వచ్చేవి.

ఈ తేడా గుర్తించకపోతే ‘కృత్యం’ పేరుతో జరిగేదంతా బొమ్మల తయారీగా మిగిలిపోతుంది. థర్మోకోల్ మీద గుండె బొమ్మ అతికించి, రంగులు వేసి, చీటీలు గుచ్చి ప్రదర్శనలో నిలబెట్టే ‘వర్కింగ్ మోడల్’లో చాలాసార్లు పనిచేసేది ఏదీ ఉండదు. ఏ కృత్యానికైనా ఒక పరీక్ష పెట్టవచ్చు. ఇందులో పిల్లలు ఏదైనా తీసివేయగలరా, ఆపగలరా, పెంచగలరా, ఆలస్యం చేయగలరా? తీసివేయక ముందే ఏం జరుగుతుందో ఊహించి రాసుకున్నారా? రెండింటికీ కాదనే జవాబు వస్తే అది చిత్రలేఖనం తరగతికి చెందిన పని, అక్కడ దానికి గౌరవం ఉంది.

మొదటి మెట్టుకు నొక్కితే తెరుచుకునే బాల్ పెన్ను చాలు. ఒక్కో జట్టుకు ఒక పెన్నూ గుప్పెడు చింతగింజలూ ఇవ్వాలి. చింతగింజల్లో నాలుగు తీసేస్తే మిగిలింది కూడా గింజల కుప్పే, కొంచెం చిన్న కుప్ప, అంతే. పెన్నులోంచి ఒక్క స్ప్రింగు తీసేస్తే, రాయబోగానే రీఫిల్ లోపలికి జారిపోతుంది, మీట నొక్కినా బయట నిలవదు. ఇంకు, ముల్లు, గొట్టం అన్నీ అలాగే ఉన్నాయి, రాయడం మాత్రం పోయింది. రాసే గుణం ఆ భాగాల్లో ఏ ఒక్కదానిలోనూ లేదనీ, అవి అమరిన తీరులో ఉందనీ రెండో తరగతి పిల్లలు కూడా తమ మాటల్లో చెప్పగలరు. అమెరికాలో 2013లో వచ్చిన పాఠశాల విజ్ఞాన ప్రమాణాలు వ్యవస్థలు, వాటి నమూనాలు అనే అంశాన్ని అన్ని శాస్త్రాలకూ ఉమ్మడిగా ఉన్న ఏడు భావనల్లో ఒకటిగా చేర్చి, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలు గ్రహించవలసినదాన్ని దాదాపు ఇదే విధంగా చెప్పాయి. విడి భాగాలు చేయలేని పనిని కలిసికట్టుగా చేసేదే వ్యవస్థ. పాత సైకిలు, చేతి కుట్టుమిషను, పాడైన గోడ గడియారం కూడా ఈ పనికి పనికివస్తాయి. విప్పినదాన్ని తిరిగి బిగించమనడం మరిచిపోకూడదు. బిగించేటప్పుడు ఏది ముందు, ఏది తరువాత అన్న వెతుకులాటలోనే సంబంధాలు చేతికి తెలుస్తాయి.

హైదరాబాద్ పిల్లలకు అంతకన్నా పెద్ద వ్యవస్థ ఒకటి కాళ్ల కిందే ఉంది. దక్కన్ పీఠభూమి వాలును అనుసరించి, పై చెరువు నిండితే దాని నీరు కింది చెరువులోకి, అది నిండితే మరో చెరువులోకి పోయేలా తరతరాలుగా కట్టిన గొలుసుకట్టు చెరువుల ప్రాంతం ఇది. కట్ట, తూము, అలుగు అనే మూడు మాటలు తెలిస్తే ఆ గొలుసు మొత్తం అర్థమవుతుంది. కట్ట నీటిని ఆపుతుంది. కట్ట అడుగున ఉండే తూము పొలాలకు కావలసినంత నీటిని వదులుతుంది. నిండగా మిగిలిన నీరు కట్టను తెంచకుండా బయటికి పోయే చోటు అలుగు, తెలంగాణ పల్లెల్లో మత్తడి అని కూడా అంటారు. తూము ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో చూసుకునే నీరటి ఊరికి ఒకరు ఉండేవారు. అంటే ఆ వ్యవస్థలో మట్టి, నీరు, రాయితో పాటు నిర్ణయం తీసుకునే మనిషి కూడా ఒక భాగం. ఈ ఒక్క అంశం మీదే ఒక పీరియడ్ చర్చ నడపవచ్చు.

దీన్ని బడి మెట్ల మీద కట్టడానికి మూడు ప్లాస్టిక్ డబ్బాలు, కొంత బంకమట్టి, ఇసుక, ఒక మగ్గు, ఒక గడియారం ఉంటే సరిపోతుంది. ఒక్కో డబ్బా అడుగున చిన్న రంధ్రం చేసి మట్టితో మూస్తే అది తూము. అంచు దగ్గర ఒక గాటు పెడితే అది అలుగు. మూడు డబ్బాలను మూడు మెట్ల మీద ఒకదాని కింద ఒకటి పేర్చి, పై అలుగు నుంచి పడే నీరు కింది డబ్బాలోకే చేరేలా సర్దాలి. అన్నింటికన్నా కింద ఒక పళ్లెంలో కాగితపు ఇళ్లు పెట్టాలి. మొదటిసారి పై డబ్బాలో లెక్కపెట్టి మగ్గులు పోస్తూ, నీరు పళ్లెం దాకా రావడానికి ఎన్ని మగ్గులు, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. రెండోసారి డబ్బాలు ఖాళీ చేసి, పై రెండింటిని సగం వరకు ఇసుకతో నింపి, ఇప్పుడు ఏమవుతుందో ఊహించి రాయమనాలి. తరువాత అదే వేగంతో అన్నే మగ్గులు పోయాలి. నీరు ఇళ్లను ముందుకన్నా త్వరగా, ముందుకన్నా ఎక్కువగా ముంచుతుంది. పైన ఇసుక పోసిన జట్టు కాళ్లు తడవలేదు, తడిసినవి కింది మెట్టు దగ్గరి కాగితపు ఇళ్లు. ఈ ఒక్క గమనింపు కోసం ఎంత సమయమైనా వెచ్చించవచ్చు.

ఇక్కడితో ఆపితే సగం పాఠమే అవుతుంది. మూడోసారి ఇసుక తీసేసి, డబ్బాలను ముందే అంచుల దాకా నింపి, రెండు మగ్గులు మాత్రమే పోయాలి. ఇసుక ఎక్కడా లేదు, పోసిన నీరూ తక్కువే, అయినా ఇళ్లు మునుగుతాయి. ఒకే వాన రెండు రోజుల్లో రెండు రకాల ఫలితం ఇవ్వగలదన్న సంగతి, వ్యవస్థ అంతకుముందు ఏ స్థితిలో ఉందన్నదాని మీద ఫలితం ఆధారపడుతుందన్న సంగతి ఇందులో ఉంది. కొత్త వాన వస్తుందని తెలిసినప్పుడు నీరటి ముందుగానే తూము తెరవాలా వద్దా అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. తెరిస్తే, వాన రాకపోతే, ఆయకట్టు ఎండుతుంది. తెరవకపోతే, వాన వస్తే, కింది ఊరు మునుగుతుంది. పదేళ్ల పిల్లలు ఈ చిక్కును పట్టుకున్నాక తరగతిలో జరిగే వాదన వినదగినది. పెద్దలు ప్రాజెక్టుల గేట్ల దగ్గర చేసే వాదన కూడా అదే.

ఆ కృత్యం తరువాత నగర చరిత్ర చెబితే అది తారీఖుల జాబితాగా మిగలదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలాది మంది ప్రాణాలు తీసింది. నది ఎగువన ఉన్న చెరువులు అనేకం తెగి ఆ నీరంతా ఒక్కసారి దిగువకు రావడం ఆ ఉపద్రవాన్ని పెంచింది. నగరాన్ని కాపాడడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన మార్గం నగరంలో గోడలు లేపడంతో ఆగలేదు, పైకి వెళ్లి నీటిని అక్కడే పట్టి ఉంచమంది. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మెట్ల మీద డబ్బాలు పేర్చిన పిల్లలకు ఆ రెండు జలాశయాలు ఏ మెట్టు మీద ఉన్నాయో చెప్పనవసరం లేదు. 2020 అక్టోబరులో భారీ వర్షాలకు బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు నీట మునిగినప్పుడు ఇంట్లో పెద్దలు మాట్లాడుకున్న మాటలు కూడా, ఆలస్యంగానైనా, వాళ్లకు అర్థమవుతాయి. వరద అనుభవించిన కుటుంబాల పిల్లలు తరగతిలో ఉంటే ఈ చర్చను జాగ్రత్తగా నడపాలి. వాళ్ల అనుభవాన్ని వాళ్లు చెప్పదలిస్తేనే వినాలి, ఉదాహరణగా నిలబెట్టకూడదు.

చెరువుల నుంచి తరువాతి భావనకు, అంటే వచ్చేది, పోయేది, నిలిచేది అనే మూడింటి లెక్కకు, దారి సులువే. వానాకాలంలో తెలుగు పత్రికలు ఈ పాఠాన్ని రోజూ అచ్చువేస్తాయి. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు, ఇవాళ ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత అని చదివే వార్తలో ఉన్నది వ్యవస్థల శాస్త్రంలోని ప్రాథమిక సూత్రమే. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, ఒక రోజులో ఒక టీఎంసీ చేరాలంటే సుమారు 11,574 క్యూసెక్కులు ఆగకుండా రావాలి. ఏడో తరగతి గణితంతో ఈ లెక్క తేలుతుంది. పది రోజుల పత్రికలు దగ్గర పెట్టుకుని, వచ్చింది లోంచి పోయింది తీసేసి, మరుసటి రోజు నిల్వ ఎంత ఉండాలో ముందుగా చెప్పి, తెల్లవారి పత్రికతో సరిచూసుకోవడం మంచి కృత్యం. జవాబు అచ్చంగా కలవదు. ఎండకు ఆవిరైనది, రోజంతా ఒకేలా ఉండని ప్రవాహం, అంకెలను సవరించి రాసే అలవాటు ఇలా కారణాలు వెతకవలసి వస్తుంది. ఆ వెతుకులాట వల్లే ఈ కృత్యానికి విలువ.

ఈ లెక్క తేలికగా కనిపించినా మనసుకు తేలిక కాదు. 2000లో లిండా బూత్ స్వీనీ, జాన్ స్టెర్మన్ అనే పరిశోధకులు అమెరికాలోని పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీ విద్యార్థులకు స్నానపు తొట్టిలోకి వచ్చే నీటి వేగం, పోయే నీటి వేగం గీతల రూపంలో చూపించి, తొట్టిలో నీటిమట్టం ఎలా మారుతుందో గీయమన్నారు. అంత చదువు చదివినవారిలోనూ చాలామంది తప్పు గీశారు. వచ్చే ధార తగ్గుతుంటే మట్టం కూడా తగ్గుతుందని అనుకోవడం అందులో సాధారణమైన పొరపాటు. పోయేదానికన్నా వచ్చేది ఎక్కువగా ఉన్నంతసేపూ, ధార సన్నబడుతున్నా మట్టం పెరుగుతూనే ఉంటుంది. పెద్దయ్యాక సూత్రంగా నేర్చినా నిలవని ఈ విషయాన్ని చిన్నప్పుడే సీసా, నీళ్లతో చూడడం మంచిది.

రెండు లీటర్ల సీసా పై భాగం కోసి, అడుగు దగ్గర పక్కగా ఒక రంధ్రం చేసి, పక్కన స్కేలు అతికించి, కుళాయి కింద పెట్టాలి. సన్నటి ధార వదిలితే సీసా నిండి పొర్లుతుందా, ఖాళీగానే ఉంటుందా, మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా అని ముందు అడగాలి. నీరు కొంత ఎత్తుకు లేచి అక్కడే నిలుస్తుంది. కుళాయి కట్టలేదు, రంధ్రం మూయలేదు, రెండు ధారలూ సాగుతూనే ఉన్నాయి, మట్టం మాత్రం కదలదు. ఎత్తు పెరిగేకొద్దీ అడుగున ఒత్తిడి పెరిగి బయటికి పోయే ధార బలపడుతుంది, వచ్చే ధారతో సమానమైన చోట మట్టం నిలుస్తుంది. నిలకడ అంటే ఏమీ జరగకపోవడం అనుకునే పిల్లలకు ఇది కొత్త సంగతి. తరువాత మగ్గు నిండడానికి పట్టే సమయాన్ని కొలిచి ధారను సరిగ్గా రెట్టింపు చేయాలి. మట్టం ఎంతకు చేరుతుందని అడిగితే తరగతి అంతా రెట్టింపు అంటుంది. మొదట ఐదు సెంటీమీటర్ల దగ్గర నిలిచిన నీరు ఇప్పుడు దాదాపు ఇరవై సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. రంధ్రం నుంచి పోయే నీటి వేగం ఎత్తు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి ధార రెట్టింపైతే ఎత్తు నాలుగు రెట్లు కావాలి. ఐదో తరగతికి ఆ సూత్రం అక్కర్లేదు. రెట్టింపు పోస్తే రెట్టింపు కాలేదన్న ఆశ్చర్యం వాళ్లకు చాలు. తొమ్మిదో తరగతిలో వర్గమూలంతో కలిసినప్పుడు ఆ ఆశ్చర్యానికి కారణం దొరుకుతుంది.

తన ఫలితమే తనను నడిపించే ఈ గుణాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. నగరంలోని ప్రతి ఇంట్లో, అపార్టుమెంటులో దానికి నమూనా ఉంది. సంపులోంచి మోటారు నీటిని పై ట్యాంకుకు ఎక్కిస్తుంది, ట్యాంకు పొర్లాక ఎవరో కేకేస్తే వాచ్‌మన్ స్విచ్చు కట్టేస్తాడు. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో మాత్రం ఎవరూ కేకేయకుండానే నీరు ఆగిపోతుంది, ఎందుకంటే నీటితో పాటు పైకి లేచే బంతి ధారను తానే మూస్తుంది. ఆ మూత తీసి, బంతిని వేలితో నొక్కి పట్టి నీరు ఆగకుండా రావడం, వదలగానే ఆగడం చూసిన పిల్లలకు ఫీడ్‌బ్యాక్‌కు నిర్వచనం రాయించనవసరం ఉండదు. దీనికి ఎదురు రకం, అంటే తనను తానే పెంచుకునే రకం, తరగతి గదిలోనే వినిపిస్తుంది. జంటలుగా కూర్చుని అందరినీ ఒకేసారి మాట్లాడమంటే, పక్కవారి గొంతు దాటి వినిపించడానికి ప్రతి ఒక్కరూ కాస్త గొంతు పెంచుతారు, ఆ పెంపు వల్ల మరొకరు పెంచుతారు, రెండు నిమిషాల్లో గది హోరెత్తుతుంది. ఎవరూ అరవాలనుకోలేదు, అయినా అందరూ అరిచారు. భోజన విరామంలో గోల ఎందుకు పెరుగుతుందన్న పాత ఫిర్యాదుకు పిల్లలను తిట్టకుండా దొరికే వివరణ ఇది.

ఫీడ్‌బ్యాక్ కన్నా తక్కువ పట్టించుకునే భావన ఆలస్యం. కళ్లకు గంతలు కట్టిన ఒకరిని మరొకరు మాటలతో నడిపించే ఆటను అందరూ ఎరుగుదురు. దానికి ఒక్క నియమం చేర్చాలి: చెప్పిన మాటను, మనసులో ఐదు లెక్కపెట్టాకే నడిచేవారు పాటించాలి. ఆ వెంటనే నడక వంకర్లు తిరుగుతుంది. ఎడమకు అంటే కదలలేదని మళ్లీ ఎడమకు అంటారు, రెండు ఎడమలూ కలిసి గోడ వైపు తీసుకుపోతాయి. గీజరు కుళాయి దగ్గర నీళ్లు వేడెక్కలేదని ఇంకా తిప్పి, చేయి కాలాక ఇటు తిప్పే మనిషి చేసేదీ ఇదే. నాలుగైదు ప్రయత్నాల తరువాత పిల్లలు తక్కువ చెప్పి, ఎక్కువ ఆగడం నేర్చుకుంటారు. ఉపాధ్యాయులు ఆ మార్పును గమనించి, ఎందుకు అలా చేశారని అడిగితే వచ్చే జవాబులు ఏ పాఠ్యపుస్తక వాక్యం కన్నా మేలుగా ఉంటాయి.

ట్రాఫిక్ గురించి ఈ నగరంలో వేరే చెప్పాలా? అయితే దాన్ని చాలామంది ఎవరో ఒకరి తప్పుగా చూస్తారు. 2008లో జపాన్ పరిశోధకులు 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి దారిలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, మలుపు దగ్గర ఇరుకు లేదు. కొద్దిసేపటికే కార్లు ఒకచోట గుమిగూడాయి, ఆ గుంపు కార్లు వెళ్లే దిక్కుకు ఎదురుగా, వెనక్కి జరుగుతూ పోయింది. బడి మైదానంలో సున్నంతో వలయం గీసి, పాతిక మందిని ఒక చేయి దూరం పాటిస్తూ నడిపించి, ఒకరిని మూడు సెకన్లు ఆగమంటే చాలు, ఆ ఆగుడు వెనకవారికి, వారి వెనకవారికి పాకుతూ వలయం చుట్టూ తిరగడం మేడ మీద నుంచి చూసేవారికి కనిపిస్తుంది. నడిచేవారికి కనిపించదు. అందుకే తరగతిని రెండు సగాలుగా చేసి నడిచేవారిని, చూసేవారిని మార్చడం తప్పనిసరి. లోపలి నుంచి కనిపించేదీ బయటి నుంచి కనిపించేదీ వేరన్నది కూడా వ్యవస్థల పాఠంలో భాగమే.

హద్దు అనే భావన మీద ఎక్కువ సమయం అక్కర్లేదు, కానీ వదిలేయడం తగదు. మూత బిగించిన గాజు సీసాలో తడి మట్టి, చిన్న మొక్క పెట్టి కిటికీ దగ్గర ఉంచితే నీరు ఆవిరై, గోడల మీద చెమర్చి, మట్టిలోకే తిరిగి పడుతుంది. నీరు హద్దు దాటలేదు, వెలుతురు దాటింది. అలాంటిదే మరో సీసాను చీకటి అల్మారాలో పెడితే వెలుతురు చేస్తున్న పని కొన్ని వారాల్లో తెలుస్తుంది. దమ్ బిర్యానీ గిన్నె అంచును పిండితో మూయడం చూసిన పిల్లలకు ఈ సీసా కొత్తగా తోచదు. అక్కడ ఆవిరిని లోపలే ఉంచి వేడిని మాత్రం రానిస్తారు.

ఏ వయసుకు ఏది అన్న విషయంలో కఠినమైన గీతలు గీయలేము గాని, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు భాగాలు, వాటి పొందిక చాలు. తొమ్మిది నుంచి పదకొండేళ్ల మధ్య ప్రవాహం, నిల్వ, హద్దు ఇమడతాయి. ఫీడ్‌బ్యాక్, ఆలస్యం గురించి మాటల్లో చర్చించడానికి ఆరో తరగతి తరువాతి వయసు అనువైనది, ఆడుకోవడానికి మాత్రం వయసుతో పని లేదు. బాణాల గుర్తులతో వలయ చిత్రాలు గీయించడాన్ని వీలైనంత వెనక్కి జరపడం మంచిది. చేత్తో చూడకముందే చిత్రం వస్తే, జీర్ణవ్యవస్థ పటం లాగే దాన్నీ బట్టీపడతారు. పదజాలానికీ ఇదే వర్తిస్తుంది. పిల్లలు ‘ఇది కదిపితే అది కదిలింది’ అని నాలుగు చోట్ల చెప్పిన తరువాత ఐదోచోట ‘వ్యవస్థ’ అనే మాట అందిస్తే, అది వాళ్ల దగ్గర ముందే ఉన్న వస్తువుకు పేరవుతుంది.

సామగ్రి కొరత ఇక్కడ అసలు అడ్డంకి కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లో మొదలై 2002 వరకు సాగిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం, పల్లెటూరి ప్రభుత్వ బడుల్లో చవక సామానుతో పిల్లల చేత ప్రయోగాలు చేయించవచ్చని ముప్పై ఏళ్ల పాటు చూపించింది. అడ్డంకి సమయం. నలభై, యాభై మంది ఉన్న తరగతిలో నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో డబ్బాలు సర్దడానికే పావుగంట పోతుంది. అందువల్ల రెండు పీరియడ్లు కలిపి ఇవ్వడం, కృత్యాలను ఏడాదికి ఐదారుకు పరిమితం చేయడం, ఒక్కోదాన్ని కనీసం మూడు మార్పులతో తిరిగి చేయించడం అవసరం. ఇరవై కృత్యాలు ఒక్కోసారి చేసిన తరగతి కన్నా, ఐదు కృత్యాలను నాలుగేసి సార్లు మార్చి చేసిన తరగతి ఎక్కువ నేర్చుకుంటుంది. మూల్యాంకనం కూడా దానికి తగ్గట్టు మారాలి. భాగాల పేర్లు రాయమనే ప్రశ్న స్థానంలో, ఇంతవరకు చూడని ఒక వ్యవస్థను చూపించి ఒక భాగం ఆగితే ఏమవుతుందో, ఎందుకో రాయమనే ప్రశ్న రావాలి. ఊహ తప్పైనా కారణాల వరుస సరిగా ఉంటే మార్కులు ఇవ్వాలి. తప్పిన ఊహకు మార్కులు కోస్తే, మరుసటిసారి పిల్లలు ఊహించడం మానేసి పక్కవారి పుస్తకంలోకి చూస్తారు.

ఏడాది చివర చేయదగిన పని ఒకటి ఉంది. బడి కుళాయి నుంచి మొదలుపెట్టి తెలంగాణ పటం మీద దారం పరచడం. కృష్ణా నీరు అందే ప్రాంతమైతే ఆ దారం వెనక్కి, వంద కిలోమీటర్లకు పైగా, నాగార్జునసాగర్ జలాశయం దాకా పోతుంది. తరువాత చేతులు కడిగిన నీటి కోసం రెండో దారం వేయాలి. అది కాలువలోకి, మురుగునీటి శుద్ధి కేంద్రం మీదుగానో నాలా గుండానో మూసీలోకి, అక్కడి నుంచి నల్లగొండ, సూర్యాపేట వైపు పొలాలను తడుపుతూ వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోకి చేరుతుంది. రెండు దారాలూ కృష్ణ దగ్గరే ముగిశాయి కాబట్టి చక్రం పూర్తయిందని చాలామంది పిల్లలు అనుకుంటారు. దగ్గరగా చూసినవారికి మాత్రం రెండు కొసలూ కలవలేదని, వాడపల్లి సాగర్‌కు దిగువన ఉందని తెలుస్తుంది. మనం తాగే నీరు ఎగువ నుంచి వస్తోంది, వాడిన నీరు దిగువకు పోతోంది. ఆ కొసకు కింద పటంలో ఇంకా ఏ ఊళ్లు ఉన్నాయో చదవమని పిల్లలను అడగాలి.